‘వాల్వ్ ఖరాబ్ హై జీ’: టీకా తాత్పర్య సహితం

మూలం: “వాల్వ్ ఖరాబ్ హై జీ, కరెంట్ నహీఁ ఆ రహా. బదల్నా పడేగా.”

అవతారిక. 2020 లాక్‌డౌన్‌లో పనిమనుషులు రాకపోయేసరికి ఢిల్లీ చుట్టుపక్కల ఎన్నో వంటిళ్ళల్లో డిష్‌వాషర్ వచ్చి కూర్చుంది. మయూర్ విహార్, ద్వారక, నోయిడా, గురుగ్రామ్ తెలుగు ఇళ్ళు కూడా ఇందులో వెనకబడలేదు. రాత్రి ఇడ్లీ రేకులూ సాంబారు గిన్నే సర్ది మీట నొక్కితే, యంత్రం ముందు అడుగున మిగిలిన నీళ్ళు తోడి పారబోస్తుంది. తర్వాత కొత్త నీళ్ళ కోసం కాసేపు చూస్తుంది. రాకపోతే తెర మీద కుళాయి బొమ్మ వెలిగించి చేతులెత్తేస్తుంది. మర్నాడు మెకానిక్ వచ్చి, టెస్టర్ ఒక్కసారి తాకించి, పై మూలాన్ని ఆశువుగా చెబుతాడు. కర్త ఎవరో తెలియని చాటువు ఇది, ఇంటింటా వినిపిస్తుంది. వ్యాఖ్యానం లేకుండా నమ్మినవారు కొన్ని వందలు పెట్టి వాల్వ్ కొంటారు. అప్పటికీ నీళ్ళు రాకపోతే కొన్ని వేలు పెట్టి యంత్రాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు కొంటారు.

మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాయడానికి కూర్చున్నప్పుడు తనకి తానే రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. ఆధారం లేనిదేదీ రాయడు, అక్కర్లేనిదేదీ చెప్పడు. ఈ టీకకీ అవే కట్టుబాట్లు. మెకానిక్‌కి కూడా వర్తింపజేస్తే తప్పేమీ లేదు: కొలవనిది చెప్పకూడదు, అక్కర్లేనిది మార్చకూడదు.

ప్రతిపదార్థం. వాల్వ్ = నీటి గొట్టం యంత్రంలోకి చొరబడే చోట కాపలా ఉండే, కరెంటుతో తెరుచుకునే ద్వారం. కొన్ని యంత్రాల్లో ఇది గొట్టానికి కుళాయి వైపు కొసన ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది, తీగలు గొట్టం వెంటే లోపలికి పోతాయి. లోపల సన్నని రాగి తీగ చుట్ట, దాని నడుమ స్ప్రింగుతో నొక్కిపెట్టిన ఇనుప కడ్డీ, కింద రబ్బరు పొర. చుట్టలోకి 230 వోల్టులు రాగానే కడ్డీ పైకి లేచి సూది బెజ్జమంత రంధ్రాన్ని తెరుస్తుంది. ఆ పైన రబ్బరు పొరని ఎత్తే బలం కరెంటుది కాదు, నీటిది. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

ఖరాబ్ హై = చెడినది. జీ = పాదపూరణార్థకమని కొందరు, బిల్లు రాబోతోందనే సూచన అని మరికొందరు. కరెంట్ నహీఁ ఆ రహా = విద్యుత్తు వచ్చుట లేదు. బదల్నా పడేగా = మార్చక తప్పదు. దేన్ని అన్నది మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి.

అన్వయం దగ్గరే చిక్కు. కరెంటే రానప్పుడు వాల్వ్ చెడిందని ఎలా తేలింది? అన్నం రాలేదని ఆకలిగా ఉన్నవాడికి అజీర్తి అంటగట్టినట్టుంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారు దీన్ని సవ్యభిచార హేత్వాభాస అంటారు. నీళ్ళు రాకపోవడమనే హేతువు వాల్వ్ చెడినచోటా ఉంటుంది, చెడనిచోటా ఉంటుంది. కాబట్టి దాన్ని పట్టుకుని వాల్వ్‌ని దోషిగా నిలబెట్టడం కుదరదు. మూలంలోని మొదటి సగం నిజమో కాదో తేల్చడానికి మల్టీమీటర్ కావాలి. ఎర్రకోట ఎదుట లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌లో అడిగితే దొరుకుతుంది.

ప్లగ్ పీకి, వాల్వ్ మీది తీగల కనెక్టర్ ఊడదీసి, రెండు కొసల మధ్య ఓమ్‌లు కొలవాలి. 230 వోల్టుల వాల్వ్ కాయిల్ మామూలుగా మూడు నాలుగు వేల ఓమ్‌లు చూపుతుంది. మీటరు అనంతం చూపితే తీగ తెగింది, మెకానిక్ మాట మొదటి సగం అక్షరసత్యం. బాగా తక్కువ చూపితే లోపలి చుట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన పాఠం. అలాంటి కాయిల్ లాగే ఎక్కువ కరెంటుకి బోర్డు మీద దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ స్విచ్చి, అంటే ట్రయాక్, కాలిపోతుంది. వాల్వ్‌ని అలాగే ఉంచి బోర్డు ఒక్కటే మారిస్తే కొత్త బోర్డుకీ అదే గతి.

కాయిల్ బాగుందనుకుందాం. అప్పుడు ‘నహీఁ ఆ రహా’లోని వర్తమాన కాలం దగ్గర ఆగాలి. ఎప్పటి వర్తమానం? వాల్వ్‌కి కరెంటు ఎల్లవేళలా రాదు. పాత నీళ్ళు తోడేశాక, కొత్త నీళ్ళు అడిగే ఆ కాసేపే వస్తుంది. గడువు దాటితే యంత్రం అడగడం మానేస్తుంది. ఇక తలుపు తెరిచి ఉంటే తాళం దగ్గరి స్విచ్చి ఏదీ సాగనివ్వదు. తలుపు బార్లా తెరిచి, కుళాయి బొమ్మ వెలిగిపోయాక టెస్టర్ పెట్టి ‘రావడం లేదు’ అన్నవాడు అబద్ధం చెప్పలేదు. రావలసిన వేళ కాని వేళ చూశాడు, అంతే.

టెస్టర్‌కి అలంకారశాస్త్రంలోనే చోటుంది: భ్రాంతిమంతం. ఒకదాన్ని చూసి మరొకటనుకోవడం. టెస్టర్ దీపం ఫేజు ఉందో లేదో చెబుతుందే తప్ప కాయిల్ రెండు కొసల మధ్య వోల్టేజీ ఉందో లేదో చెప్పదు. ఒక కొసకి ఎప్పుడూ ఫేజే అందుతూ ఉండి, బోర్డు న్యూట్రల్ వైపు కలిపే యంత్రమైతే, అడగకపోయినా దీపం వెలుగుతుంది. పాత ఇళ్ళల్లో సాకెట్టులో ఫేజూ న్యూట్రలూ తారుమారైతే ఈ లెక్కంతా తిరగబడుతుంది. డిజిటల్ మీటరుకీ ఒక మాయ ఉంది. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే, ఆపి ఉన్న ట్రయాక్ చుట్టూ కారే లేశమాత్రపు కరెంటుకే అది పదుల వోల్టులు చూపించగలదు. అందుకే వోల్టులు కొలిచేటప్పుడు వాల్వ్ తగిలించే ఉండాలి.

అలా సరైన వేళలో 230 కనిపించకపోతే దోషం వాల్వ్‌ది కాదు, దాని వెనకున్న వాళ్ళది. తలుపు స్విచ్చి, ఎలుక కొరికిన తీగ, పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్, బోర్డు మీది ట్రయాక్. వీటన్నిటికంటే ముందు చూడవలసింది అడుగు పళ్ళెంలోని ఫ్లోట్. ఎక్కడో కారిన నీళ్ళు అందులో చేరితే తేలికపాటి బెండు పైకి తేలి స్విచ్చిని నొక్కుతుంది. వాల్వ్‌కి కరెంటు ఆగిపోతుంది, పంపు మాత్రం ఆగకుండా తోడుతూనే ఉంటుంది. ఈ లక్షణం చెవికే తెలుస్తుంది. కారడం ఎక్కడో కనిపెట్టాలి గానీ వాల్వ్ మార్చి లాభం లేదు. ట్రయాక్ అతుక్కుపోతే రోగం దీనికి సరిగ్గా వ్యతిరేకం: ప్లగ్ పెట్టగానే అడగకుండానే నీళ్ళు వచ్చేస్తాయి.

పాఠాంతరం. కొన్ని ఇళ్ళలో ‘కరెంట్’ బదులు ‘పానీ’ అన్న పాఠం వినిపిస్తుంది. ఢిల్లీ చుట్టుపక్కల వరకూ ఈ పాఠమే గ్రాహ్యమని ఈ టీకాకారుడి అభిప్రాయం. వాల్వ్ గుయ్యిమంటూ నీళ్ళు రాకపోతే కరెంటు నిర్దోషి. రబ్బరు పొరని ఎత్తేది నీటి ఒత్తిడేనని చెప్పుకున్నాం. యంత్రాల మాన్యువళ్ళు కనీసం 0.3 బారో 0.5 బారో అడుగుతాయి. పది మీటర్ల ఎత్తున నీళ్ళుంటే ఒక బారు. డీడీఏ ఫ్లాట్ల పై అంతస్తులో ట్యాంకు కుళాయికి మూడు మీటర్ల ఎత్తునే ఉంటే 0.3 బారు మాత్రమే. ఆ పైన ఇసుకా సున్నమూ. నోయిడాకి వచ్చే గంగ నీళ్ళలో బోరు నీళ్ళు కలుస్తాయి, ద్వారక ఏళ్ళ తరబడి బోర్లతోనూ ట్యాంకర్లతోనూ నెట్టుకొచ్చింది. తాగునీటి కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 10500 అంటుంది. యంత్రంలో ఉప్పు పోసి నీళ్ళని మెత్తబరిచే ఏర్పాటు ఉంది నిజమే. అది వాల్వ్ దాటాక ఉంటుంది. సున్నం తొలి దెబ్బ వాల్వ్‌కీ, దాని మూతి దగ్గరి జల్లెడకీ.

విశేషం. జోసెఫిన్ కాక్రేన్ 1886 డిసెంబర్ 28న పేటెంటు పొంది 1893 షికాగో ప్రదర్శనలో చూపిన గిన్నెలు కడిగే యంత్రంలో కరెంటు వాల్వ్ లేదు. కనక పై మూలానికి ఆమె వంటింట్లో తావు లేదు.

పాఠకులకి మనవి. మెకానిక్‌ని పిలిచే ముందు కుళాయి కట్టి, గొట్టం విప్పి, కుళాయిని బకెట్టులోకి తిప్పి ధార చూడండి. జల్లెడ కడగండి. మీట నొక్కి మొదటి నిమిషాల్లో చెవి ఒగ్గి వినండి. ఓమ్‌ల కొలత ప్లగ్ పీకాకే. 230 వోల్టుల కొలత మాత్రం అలవాటున్న చేతికే వదిలేయండి, అంకె ఎంతో అడిగి తెలుసుకోండి.