స్టిక్కరుంది, పాలసీ లేదు

గాజువాక నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా పోర్టు లారీల మధ్య తిరిగే బండికి ముందు నిమ్మకాయ, మిరపకాయలు, వెనకాల ‘సింహాద్రి అప్పన్న దీవెనలు’ ఉండి తీరాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రం తీరికున్నప్పుడు చూసుకోవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది బీమానే అనుకోండి. అది లేకుండా దొరికితే తొలిసారి జరిమానా 2,000, లేదంటే మూడు నెలల దాకా జైలు. చాలామందికి ప్రీమియం కంటే జరిమానాయే చవగ్గా కనిపిస్తుంది.

అలాంటి బండి మిమ్మల్ని గుద్దిందా? గుద్దినవాడు నంబరు కూడా చిక్కకుండా ఉడాయిస్తే మీ అదృష్టం. ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు కేంద్ర పథకం ఇస్తుంది. అలా కాక ఆగి, పేరు చెప్పి, మంచినీళ్లు తాగించాడో, చచ్చారే! ఆర్నెల్లలో ట్రైబ్యునల్‌కెక్కాలి, గెలిచాక అతగాడి దగ్గరే వసూలు చేసుకోవాలి. అతని ఆస్తల్లా ఆ బండే, అదీ ఫైనాన్సులో ఉంది.

2025 మే నుంచి నగదు రహిత వైద్యం వచ్చింది, లక్షన్నర దాకా, ఏడు రోజులు. వారంలో అతుక్కోవాలని విరిగిన ఎముకకు ఎవరైనా నోటీసివ్వాలి.

నుజ్జయిన కారుకు దిక్కు మీ సొంత సమగ్ర పాలసీయే. తప్పు వాడిది, పోయేది మీ నో క్లెయిమ్ బోనస్.