ఇనప్పెట్టెలో అతిథి

మా బావమరిదికి పుదుచ్చేరి దగ్గర మూలకుళంలో నాలుగు కొబ్బరిచెట్లున్న ఖాళీ స్థలం ఉంది. ఖాళీ స్థలం ఉన్నవాడికి నిద్ర పట్టదు. పట్టినా గజం ఎంత పలుకుతోందో కలలొస్తాయి. శనివారం వచ్చిందంటే చెన్నై కార్లూ బెంగళూరు కార్లూ పుదుచ్చేరి మీద పడతాయి, బీచ్ రోడ్డు పక్కన గది దొరకదు, కాబట్టి విల్లియనూరు దారి పట్టి మన దగ్గరికి రాక ఎక్కడికి పోతారన్నది వాడి లెక్క. మామూలు గదులు కడితే ఎవడూ ఫొటో తియ్యడు కనక ఓడల కంటైనర్ తెస్తానన్నాడు.

"పర్యావరణహితం బావా! పాతది మళ్లీ వాడుతున్నాం."

మా యానాంలో అన్నయ్య నిక్కరు నేను తొడుక్కున్నన్నాళ్లూ దానికెవరూ అంత మంచి పేరు పెట్టలేదు.

పాపం, ఆ పెట్టె పుట్టింది వేరే పనికి. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే అమెరికా లారీల ఆసామి 58 పెట్టెల్ని 'ఐడియల్ ఎక్స్' ఓడకెక్కించి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. అక్కణ్ణుంచి రేవుల్లో బస్తాలు మోసే కాలం చెల్లుతూ వచ్చింది. 1987లో ఫిలిప్ క్లార్క్ అనే ఆయన ఈ పెట్టెల్ని ఇళ్లుగా మార్చే పద్ధతికి పేటెంటు అడిగి, 1989లో పుచ్చుకున్నాడు. లోకంలోని బావమరుదులకి అప్పటికి దారి దొరికింది.

మావాడి పెట్టె చెన్నై నుంచి ట్రెయిలర్ మీద వచ్చింది. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు, ఖాళీగానే రెండు టన్నుల పైమాట. దగ్గరికెళ్లి చూశాను. తలుపుల మీద నిలువునా నాలుగు ఇనప కడ్డీలు, వాటికి పిడులు, అన్నీ బయటివైపే. లోపల గొళ్లెం లేదు. బియ్యం బస్తాకి అర్ధరాత్రి లేచి బయటికి రావాల్సిన అవసరం ఏముంటుంది? తలుపు మీదున్న రేకు బిళ్లలో నేలచెక్కకి ఏ పురుగుమందు పట్టించారో కూడా రాసి ఉంది. ఆ చెక్క పీకించి వేరేది వేయించమన్నాను. "చీమలు రావు కదా బావా, మంచిదేగా" అన్నాడు. అతిథులు కూడా రారన్నాక పీకించాడు.

అసలు కథ వాస్తు సిద్ధాంతి గారితో మొదలైంది. ఆయన పెట్టె చుట్టూ తిరిగి, తలుపు దక్షిణానికి ఉంది, తూర్పుకి ఉండాలన్నారు. మామూలు ఇల్లయితే గోడలు పగలగొట్టాలి. ఇక్కడ క్రేన్ వాడికి ఇంకో గంట డబ్బులిస్తే ఇల్లే తిరిగింది. తిరిగాక చూద్దును కదా, పొడుగు గోడలు రెండూ ఉత్తర దక్షిణాలకొచ్చాయి, ఉదయం ఎండా సాయంత్రం ఎండా పడేది పొట్టి గోడల మీదే. ఊళ్లో అరవింద ఆశ్రమం వారి 'గోల్కొండ్' భవనాన్ని 1930లలో ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు అచ్చం ఈ సూత్రం మీదే గీశాడు. అదీ అతిథిగృహమే. కట్టడానికి డబ్బు మన నిజాం దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చింది కనకే ఆ పేరు. గోడల బదులు పైకీ కిందికీ తిప్పుకునే రెక్కలు, స్లాబు మీద వంపు పెంకులతో రెండో కప్పు, మధ్యలో గాలి ఆడే సందు. ఏసీ ఊసే లేదు. రేమండ్ ఎక్కణ్ణుంచో వచ్చి చేసిన పని మా సిద్ధాంతిగారు తాంబూలంలో అయిదొందలకి చేసిపెట్టారు.

దిక్కయితే కుదిరింది గాని కప్పు మాటేమిటి? రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ పెట్టెలో అడుగుపెడితే మూతేసిన ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టే. తెల్లరంగు వేయించాడు. గోడలకి లోపల రాక్‌వూల్ నింపి పైన బోర్డులు కొట్టించాడు. వేడి కాస్త తగ్గింది, గది కూడా తగ్గింది: మంచం వేశాక మనిషి పక్కకి ఒత్తిగిలి నడవాలి. ఆపైన రెండు టన్నుల ఏసీ. మీటరు గిర్రున తిరుగుతోంది. పర్యావరణం ఎక్కడుందని అడిగితే బయట పేరు బోర్డు మీద ఉందని చూపించాడు.

సముద్రం కనబడేలా పెద్ద కిటికీ కొయ్యమన్నాడు. మూలకుళం నుంచి సముద్రం ఎవరికి కనబడుతుంది? వెల్డర్ ఆ సంగతి జోలికి పోలేదు. గోడకున్న ఆ ముడతలే దాని బిగువనీ, కోసిన చోటల్లా చుట్టూ ఫ్రేము వెల్డు చెయ్యకపోతే కప్పు కుంగుతుందనీ చెప్పి, ఫ్రేముకి వేరే రేటు అడిగాడు. పునాదికి నాలుగు మూలలా బిగించమని నేను పట్టుబట్టాను. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరిని ఎలా ముంచిందో చూసినవాణ్ణి. నీరు చొరబడని ఖాళీ పెట్టె జానెడు మునిగితే తేలడానికి సిద్ధమవుతుంది. అతిథి మూలకుళంలో పడుకుని విల్లియనూరులో లేస్తే అద్దె ఎవరడగాలి?

ఆఖరికి మా ఆవిడే విసిగిపోయి, "ఒరేయ్, పైన పందిరెయ్యరా" అంది. కొబ్బరిమట్టలు అల్లించి పెట్టెకి మూరెడు ఎత్తున, ముందువైపు వసారాలా చాపి పందిరి వేశారు. ఆ రోజునుంచి ఏసీ మధ్యాహ్నం వేసే పని తప్పింది.

చెన్నై నుంచి వచ్చిన కుర్రజంట పెట్టె ముందు ఫొటో దిగి, సామాన్లు అందులో పడేసి, తలుపు మూసి, పొద్దుగూకేదాకా పందిరి కింద మడతమంచాల మీదే దొర్లారు. తర్వాత వచ్చినవాళ్లదీ అదే తంతు. సామాన్లు పెట్టెలో, మనుషులు నీడలో. మెక్లీన్ గారు అనుకున్నదీ అదే కదా.

రసీదులో మాత్రం మావాడు అద్దె కంటైనర్‌కే రాస్తున్నాడు, పందిరి ఉచితమట. ఆ పందిరి తన ఆలోచనే కాబట్టి అద్దెలో సగం తనకి రావాలని మా ఆవిడ తమ్ముణ్ణి పట్టుకుంది. ఈ లావాదేవీలో నేను లేను.