పెన్సిళ్లు చెక్కే ఎం.టెక్.

అమెరికాలో కిండర్‌గార్టెన్ తరగతికి వెళ్లి పెన్సిళ్లు చెక్కాలంటే ఏమేం కావాలో తెలుసా? ముందు స్కూల్ డిస్ట్రిక్టుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. మీ మీద పోలీసు కేసులేమైనా ఉన్నాయేమోనని వాళ్లు వాకబు చేస్తారు. ఆ గండం గడిచి బడికి వెళ్తే, ఆఫీసులో డ్రైవింగ్ లైసెన్సు స్కాన్ చేసి, లైంగిక నేరస్థుల జాబితాలో మీరు లేరని తేల్చుకుని, మీ ఫొటోతో ఓ స్టిక్కర్ చేతిలో పెడతారు. దాన్ని గుండెల మీద అంటించుకుని లోపలికి నడవాలి. ఇంత తతంగంలోనూ జీతం మాట ఎక్కడా రాదు.

పసిపిల్లల దగ్గరికి పంపేవాళ్లను అంత జల్లెడ పట్టడం మంచిదే. మన దగ్గరా పడితే బాగుండును. వేళాకోళం దాని మీద కాదు, ఆ స్టిక్కర్ ఎవరి గుండెల మీద ఉందన్నదాని మీద.

డల్లాస్ పక్క ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఆవిడ కచ్చితంగా మన అమ్మాయే. గుంటూరు జిల్లాలో పుట్టింది, హైదరాబాదులో ఎం.టెక్. చదివింది, హైటెక్ సిటీలో టీమ్ లీడ్‌గా జనాన్ని పరుగులు పెట్టించింది. పెళ్లయ్యాక మొగుడి వెంట వెళ్లేవాళ్లకిచ్చే హెచ్4 వీసా మీద విమానం ఎక్కింది. ఆ వీసా మీద కాపురం చేయొచ్చు, కారు నడపొచ్చు, పిల్లల్ని కనొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. ఒబామా హయాంలో, 2015 మే నెల నుంచి, ఓ సడలింపు ఇచ్చారు. మొగుడుగారి గ్రీన్‌కార్డు కోసం పెట్టే ఐ140 అర్జీ ఆమోదం పొందితే, ఈఏడీ అనే పని అనుమతి కార్డుకు దరఖాస్తు చేసుకుని పనిచేసుకోవచ్చు. ఐ140 పెట్టడం కంపెనీవారి దయ. అది వచ్చేలోపు ఎం.టెక్. పట్టాను ఏం చేసుకోవాలి? శుక్రవారం పొద్దున బడికి తీసుకెళ్లొచ్చు.

అందులోనూ ఓ మెలిక ఉంది. జీతమిచ్చి చేయించుకునే ఉద్యోగాన్ని ఊరికే చేసినా వీసా నిబంధన తప్పినట్టేనని లాయర్లు హెచ్చరిస్తారు. కాబట్టి పంతులమ్మకు నిజంగా పనికొచ్చే పని జోలికి పోకూడదు. ఎవరికీ పైసా ఇవ్వబుద్ధి కానంత చిన్న పని వెతుక్కుని చేయాలి. అలాంటి పనులకు అక్కడ కొదవ లేదు.

లామినేషన్ కాయితాలు కత్తిరించడమే తీసుకోండి. ప్లాస్టిక్ పొరల మధ్య బొమ్మలు అతికించి ఉంటాయి. బొమ్మ చుట్టూ సన్నటి అంచు వదిలి కత్తిరించాలి. మరీ ఆనించి కత్తిరిస్తే పొర ఊడిపోతుంది, దూరంగా కత్తిరిస్తే పంతులమ్మ నవ్వుతూనే మళ్లీ ఇస్తుంది. నవంబరులో పిల్లల అరచేతులకు రంగు పూసి కాయితం మీద అద్దించి, ఆ అచ్చును టర్కీ కోడిని చేయాలి. ఫిబ్రవరి వచ్చిందంటే బడి మొదలై వందో రోజు పండగ. పిల్లలు నెత్తిన పౌడరు చల్లుకుని, చేతికర్ర పట్టుకుని, నూరేళ్ల ముసలివాళ్ల వేషంలో వస్తారు. ఒక్కొక్కరి దారానికి నడుమ చిల్లున్న గింజల్లాంటి సీరియల్ వంద లెక్కపెట్టి గుచ్చాలి. టెక్సాస్‌లో ఆ తరగతికి చట్టం పెట్టిన పరిమితి 22 మంది. వందేసి చొప్పున 22 దండలు! డేటాబేస్‌లో కోట్ల రికార్డులు వరసలో పెట్టిన మనిషికి ఇదో లెక్కా? కానీ డెబ్భయ్యో గింజ దగ్గర ఓ బుడతడు దండ కొరికేస్తాడు. మళ్లీ ఒకటి నుంచి.

చేయకూడనివీ ఉన్నాయి. ఫొటోలు తీయకూడదు. పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్లకూడదు. తరగతిలో ఏ పిల్లాడు చదువులో వెనకబడ్డాడో, ఎవరు ఎవర్ని గిల్లారో బయట చెప్పకూడదు. చివరిది మాత్రం మన వాట్సాప్ గ్రూపులకు ప్రాణసంకటం. పక్కింటావిడ కొడుకు ఇంకా అక్షరాలు తిరగేసి రాస్తున్నాడని కళ్లారా చూసి, సాయంత్రం పార్కులో ఆవిడ గొప్పలు వింటూ నోరు మూసుకోవాలంటే ఎంత నిగ్రహం కావాలి!

అయినా పోటీకేం తక్కువ లేదు. సైనప్ లింకు వస్తే పొయ్యి మీద టీ పొంగేలోపు ఖాళీలు నిండిపోతాయి. తరగతి పార్టీల బాధ్యత చూసే రూమ్ మామ్ పదవికి జరిగే మంతనాలు మన మండలాధ్యక్ష ఎన్నికకు తీసిపోవు. వాలెంటైన్స్ పార్టీకి పేపర్ ప్లేట్లు తెచ్చేదెవరో తేల్చడానికి ఎక్సెల్ షీటు, అందులో రంగులు, ఆలస్యమైతే ఎవరికి ఫిర్యాదు చేయాలో ఇంకో కాలమ్. పాపం, ఆ టాలెంటు ఎక్కడికి పోవాలి?

స్వచ్ఛంద సేవకు గంటకు 33.49 డాలర్ల విలువ ఉందని ఇండిపెండెంట్ సెక్టార్ అనే అమెరికన్ సంస్థ 2024లో లెక్కగట్టింది. టెక్సాస్‌లో కూలికి చట్టం చెప్పిన కనీస వేతనం 7.25 డాలర్లు, అదీ 2009 నుంచి కదల్లేదు. అంటే డబ్బివ్వనప్పుడే పనికి విలువ ఎక్కువ. ఏప్రిల్‌లో వాలంటీర్ల వారోత్సవం వస్తే ఓ కాఫీ కప్పు కూడా చేతికందుతుంది.

ఈ సంగతంతా ఓ కోడలు గుంటూరులోని అత్తగారికి ఫోన్‌లో గొప్పగా చెప్పింది.

"బడిలోనా? జీతమెంతమ్మా?"

"జీతం కాదత్తయ్యా, వాలంటీరింగ్. చిన్నపిల్లలతో."

"ఓహో. అయితే మన అంగన్‌వాడీలో ఆయా చేసే పనేగా!"

కోడలు నొచ్చుకుంది. నిజానికి నొచ్చుకోవాల్సింది ఆయా. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని తీసుకొచ్చేది ఆమే, ఊడ్చేది ఆమే, అన్నం పప్పు వండి గుడ్డు ఉడకబెట్టి పెట్టేదీ, బాత్రూముకు తీసుకెళ్లి కడిగేదీ ఆమే. ఇంతా చేసి ఆమె కూడా సర్కారు దృష్టిలో ఓ రకం వాలంటీరే. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ ఉద్యోగం కాదని సుప్రీంకోర్టు కూడా 2006లో తీర్పు చెప్పింది. గ్రాట్యుటీకి అర్హులేనని ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆయా గౌరవాన్ని 2019లో నెలకు 7 వేల రూపాయలుగా ఖరారు చేశారు. అది చాలదని 2023 డిసెంబరులో కార్యకర్తలూ ఆయాలూ రోడ్డెక్కి 42 రోజులు సమ్మె చేస్తే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అంటే అత్యవసర సేవ, ఆపితే నేరం. అడిగితే మాత్రం ఉద్యోగం కాదు.

అందుకని ఫ్రిస్కో, ఎడిసన్ చెల్లెళ్లకు ఓ విన్నపం. ఈసారి సెలవులకు ఊరొచ్చినప్పుడు అంగన్‌వాడీకి రంగు పెన్సిళ్లు పంచి ఫొటో పెట్టే పని మానేయండి. మన ఎమ్మెల్యేలూ మంత్రులూ ఏటా మీ ఊళ్లకే వస్తుంటారు, బాంక్వెట్ హాల్లో శాలువాలు కప్పించుకుంటారు, మీ పక్కనే నిలబడి సెల్ఫీలు దిగుతారు. సెల్ఫీకి ముందు, ఆయా జీతం సంగతి ఏమైందో ఓసారి అడగండి. ఆ ప్రశ్న వేయడానికి ఏ ఈఏడీ కార్డూ అక్కర్లేదు.