అట్టపెట్టెలో ఇంజనీరు

యూకేజీ చిన్నారికి బూట్ల లేసు కట్టుకోవడం ఇంకా చేతకాదు. తప్పేమీ లేదు, ఆ వయసులో ఎవరికీ చేతకాదు. కానీ బడి ప్రహరీకి కట్టిన ఫ్లెక్సీలో అదే చిన్నారి తెల్లకోటు తొడుక్కుని, కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకుని రోబో తయారుచేస్తూ కనిపిస్తాడు. ఎదురుగా ఉన్నవి రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు. వాటిలోంచి నిప్పురవ్వలు ఎగిరే ప్రమాదం లేదు కదా, మరి ఆ అద్దాలెందుకని అడగకూడదు. అవి కంటి రక్షణకు కాదు, అడ్మిషన్ల రక్షణకు.

వేసవి వచ్చిందంటే హైదరాబాద్ నుంచి విశాఖ దాకా ఈ ఫ్లెక్సీలు మామిడిపళ్లతో పోటీపడి దిగుతాయి. ఫీజు కాగితంలో ‘రోబోటిక్స్’ అని ప్రత్యేకంగా ఒక వరస, దాని ఎదురుగా ఒక అంకె. అంకె చూసి నీరసపడిన తల్లిదండ్రులను వెంటనే ల్యాబ్‌కు తీసుకెళ్తారు. చల్లటి ఏసీ గది, గోడలనిండా పళ్లచక్రాల బొమ్మలు, గాజు తలుపుల బీరువాలో వరసగా పేర్చిన డబ్బాలు. బీరువాకు తాళం. తాళంచెవి ప్రిన్సిపాల్ మేడం దగ్గర.

వారానికి ఒక పీరియడ్. తరగతిలో నలభైమంది, కిట్లు ఐదు అనుకుందాం. ఒక్కో డబ్బా చుట్టూ ఎనిమిదిమంది. వాళ్లలో ఒకడు బిగిస్తాడు, ఒకమ్మాయి పుస్తకం పట్టుకుని పేజీలు తిప్పుతుంది, మిగిలిన ఆరుగురూ ‘టీమ్‌వర్క్’ నేర్చుకుంటారు. గంట కొట్టడానికి పావుగంట ముందే బిగించినదంతా ఊడదీసి, ముక్కలు లెక్కపెట్టి ట్రేలో సర్దాలి. ముక్క పోతే ఫైన్. ఈ లెక్కింపు వల్ల పిల్లలకు స్టోర్‌కీపర్ పని బాగా పట్టుబడుతుంది, ఆ మేరకు విద్య సార్థకమే.

ఈ వ్యవహారానికి మూలపురుషుడు సేమోర్ పేపర్ట్. దక్షిణాఫ్రికాలో పుట్టి, జెనీవాలో జీన్ పియాజే దగ్గర పనిచేసి, ఎంఐటీలో స్థిరపడిన గణితవేత్త. 1967లో సహచరులతో కలిసి పిల్లలకోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశాడు. కొన్నాళ్లకు దానికి ఒక తాబేలు తోడైంది. ఆదేశాలిస్తే నేలమీద పాకుతూ గీతలు గీసే చిన్న యంత్రం అది. చతురస్రం గీయమని చెప్పాననుకుంటాడు పిల్లవాడు, తాబేలు ఇంకేదో గీస్తుంది. ఎక్కడ తేడా వచ్చిందో తెలియాలంటే తనే తాబేలై నాలుగడుగులు వేసి, తిరిగి చూసుకోవాలి. తప్పు దొర్లడం, దాన్ని వెతికి పట్టుకోవడం, ఇదే పేపర్ట్ దృష్టిలో అసలు చదువు. 1980లో ఆయన ఈ సంగతులన్నీ ‘మైండ్‌స్టార్మ్స్’ అనే పుస్తకంలో రాశాడు. 1998లో డెన్మార్క్ బొమ్మల కంపెనీ లెగో తన రోబో కిట్‌కు ఆ పుస్తకం పేరే పెట్టుకుంది. 2013 నాటి ఈవీ3 డబ్బాలో 601 ముక్కలు, ధర 350 డాలర్లు. 2022 చివర్లో కంపెనీ ఆ పేరుతో కిట్లు అమ్మడం మానేసింది. పుస్తకం పేరు డబ్బా మీదికెక్కినంత సులువుగా పుస్తకంలోని విషయం మన ల్యాబుల్లోకి ఎక్కలేదు.

డబ్బాను తిట్టి లాభం లేదు. ఆ 601 ముక్కలతో ఏమైనా చెయ్యొచ్చు. చిక్కల్లా డబ్బాతోపాటు వచ్చే బొమ్మల పుస్తకాన్ని వేదపారాయణంలా చదివించడంలోనే ఉంది. పదిహేడో బొమ్మలో ఎర్ర ముక్క, పద్దెనిమిదో బొమ్మలో నల్ల ముక్క. చివరికి ఐదు బల్లలమీద ఐదు రోబోలు, ఐదూ కవలలు. ఎవరిదైనా మూడు చక్రాలతో తేలితే ట్రైనర్ పరుగున వచ్చి నాలుగోది బిగించి పోతాడు. మూడు చక్రాలమీద అది నిలుస్తుందో పడుతుందో చూద్దామన్న ఆలోచనకు టైంటేబుల్‌లో చోటు లేదు.

బరువెంత ఉండాలి, ఖర్చెంత కావాలి, దేనికోసం దేన్ని వదులుకోవాలి అని తేల్చుకోవడమే ఇంజనీరింగ్ అయితే, ఆ పని డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో కూర్చున్న ఇంజనీరు ఎప్పుడో చేసేశాడు. మనవాడు చేసింది ఫిట్టింగ్. అదేమీ చిన్న పని కాదు, ఐటీఐలో రెండేళ్లు నేర్పే గౌరవప్రదమైన ట్రేడ్. అక్కడ కుర్రాడి చేతికి ఆకురాయి ఇచ్చి ఇనుప ముక్కను చదును చేయిస్తారు. కొలత తప్పితే మళ్లీ మొదటినుంచీ రుద్దాలి. పిల్లవాణ్ని ఐటీఐలో చేర్చమంటే చిన్నబుచ్చుకునే తండ్రే, రుద్దుడూ కొలతా లేని ఫిట్టింగ్‌కు ఏటా వేలకు వేలు కడుతున్నాడు.

జిల్లా సైన్స్ ఫెయిర్‌కు వెళ్తే ఈ విద్య పండిన తీరు కళ్లారా చూడొచ్చు. ఏటా అవే ముఖాలు. చెయ్యి చూపగానే మూత తెరుచుకునే స్మార్ట్ డస్ట్‌బిన్, అడ్డం వస్తే కూతపెట్టే అంధుల చేతికర్ర, చీకటి పడితే వెలిగే వీధిదీపం, మట్టి ఎండితే నీళ్లు వదిలే పూలకుండీ. చెత్తబండి వారం రోజులుగా వీధి మొహం చూడకపోయినా డస్ట్‌బిన్ మూత మాత్రం అతిథి మర్యాదగా లేచి పడుతుంటుంది. పూలకుండీ కథ ఇంకా బాగుంటుంది. తడి మట్టిలో కరెంటు పారుతూ ఉంటే ఆ చవక సెన్సార్ కాళ్లు కొద్దివారాల్లోనే తుప్పుపట్టి పోతాయి. ఆ సంగతి ఎవరికీ తెలిసే అవకాశం లేదు, బహుమతి సాయంత్రానికే ఇచ్చేస్తారు కాబట్టి.

జడ్జిగా వచ్చిన లెక్చరర్ డస్ట్‌బిన్ ముందు ఆగాడనుకుందాం.

“ఏం నాన్నా, చెయ్యి పెడితే మూత ఎలా తెరుచుకుంటోంది?”

“అల్ట్రాసోనిక్ సెన్సార్ డిటెక్ట్ చేస్తుంది సార్.”

“చెయ్యి ఎంత దూరంలో ఉందో దానికెలా తెలుస్తుంది?”

“కోడ్‌లో ఉంటుంది సార్.”

“కోడ్‌లో ఇక్కడ రెండుతో భాగించావు, ఎందుకు?”

పిల్లవాడు ట్రైనర్ వైపు చూస్తాడు. ట్రైనర్ తండ్రి వైపు చూస్తాడు. తండ్రి చూడాల్సింది పార్టులు కొనుక్కొచ్చిన కోఠీ గుజరాతీ గల్లీ దుకాణం వైపు, కానీ అది అక్కడికి కనిపించదు.

సమాధానం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సెన్సార్ మన చెవికి అందని శబ్దాన్ని వదులుతుంది, అది చేతికి తగిలి తిరిగొస్తుంది. గాలిలో శబ్దవేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. వెళ్లిన దారి, వచ్చిన దారి కలిపి లెక్కకొస్తుంది కాబట్టి సగం చెయ్యాలి. ప్రతిధ్వని పాఠం చదివిన ఏ పిల్లవాడైనా చెప్పగలిగినదే. కాకపోతే ఫిజిక్స్ పీరియడ్‌లో బట్టీపట్టిన పాఠమూ, రోబోటిక్స్ పీరియడ్‌లో ట్రైనర్ పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించిన ప్రోగ్రామూ ఒకే బడిలో చదువుకుంటున్నా ఒకదాని మొహం ఒకటి ఎరగవు.

2018 డిసెంబరులో రష్యాలోని యారోస్లావ్ల్ నగరంలో విద్యార్థుల సాంకేతిక సదస్సు ఒకటి జరిగింది. వేదికమీద బోరిస్ అనే రోబో నడిచింది, మాట్లాడింది, డ్యాన్స్ కూడా చేసింది. ప్రభుత్వ టీవీ చానెల్ అది అత్యాధునికమని పొగిడింది. తీరా చూస్తే అది రోబో వేషం, దుకాణంలో రెండున్నర లక్షల రూబుళ్లకు దొరికేది. లోపల మనిషి ఉన్నాడు. పాపం, రష్యావాళ్లు లోకమంతటా నవ్వులపాలయ్యారు. మన సైన్స్ ఫెయిర్లలో అలాంటి అప్రతిష్ఠ రాదు. ఇక్కడ మనిషి రోబో లోపల ఉండడు, వెనకాల నిలబడతాడు. రాత్రి రెండింటిదాకా సోల్డరింగ్ చేసి కళ్లు ఎర్రబడిన ఆ మనిషిని పిల్లవాడు ‘డాడీ’ అంటాడు.

ఆ డాడీని ఆడిపోసుకునే ముందు ఆయన చెవిన పడిన మాటలేమిటో కూడా చూడాలి. 2020లో వైట్‌హ్యాట్ జూనియర్ అనే కోడింగ్ కంపెనీ, వుల్ఫ్ గుప్తా అనే పిల్లవాడికి గూగుల్‌లో కోట్ల రూపాయల ఉద్యోగం వచ్చిందని ప్రకటనలు గుప్పించింది. ప్రకటన మారినప్పుడల్లా ఆ బాలమేధావి వయసూ జీతమూ మారేవి. చివరికి తేలిందేమిటంటే, అలాంటి పిల్లవాడే లేడు. ప్రకటనల ప్రమాణాల మండలి అభ్యంతరం చెప్పాక ఐదు ప్రకటనలు వెనక్కి పోయాయి. అదే ఏడాది ఆ కంపెనీని బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొంది. లేని పిల్లవాడికే అంత జీతం పలికితే, ఇంట్లో అన్నం తింటూ కళ్లెదుట తిరుగుతున్న పిల్లవాడికి ఎంత పలకాలి అని లెక్కవేసుకున్న తండ్రి రోబోటిక్స్ ఫీజు కట్టక ఏం చేస్తాడు?

ఇంతకీ ఈ వైభవం ఎన్నాళ్లు? ఎనిమిదో తరగతి దాటేదాకా. అక్కడినుంచి ఐఐటీ ఫౌండేషన్ గట్టిపడుతుంది, ల్యాబ్ పీరియడ్ బిట్ల పీరియడ్ అవుతుంది. నిన్న పళ్లచక్రాన్ని తిప్పిన వేళ్లు ఇవాళ ఓఎంఆర్ షీటులో సున్నాలు నింపుతాయి. ఇరవై పళ్ల చక్రం నలభై పళ్ల చక్రాన్ని తిప్పితే వేగం ఎంత అని అడిగితే ‘ఆప్షన్ సి’ అని ముప్పై సెకన్లలో చెబుతారు. ఎదురుగా గాజు తలుపుల వెనక ఆ రెండు చక్రాలూ దుమ్ముకొట్టుకుని ఉంటాయి. ఆపైన ఇంటర్, ఈఏపీసెట్, బీటెక్. అమీర్‌పేటలో ఫైనలియర్ ప్రాజెక్టులు రిపోర్టుతో సహా రెడీమేడ్‌గా దొరుకుతాయని ఇంజనీరింగ్ చదివిన వాళ్లందరికీ తెలుసు. మూడో తరగతిలో డబ్బా, ఆఖరి ఏట పార్శిల్. చదువులో ఇంతటి కొనసాగింపును తప్పుపట్టడం కష్టం.

సర్కారు కూడా ఊరుకోలేదు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి టింకరింగ్ ల్యాబ్ పెట్టుకోవడానికి 10 లక్షలు, నడుపుకోవడానికి ఐదేళ్లలో మరో 10 లక్షలు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఇలాంటి ల్యాబులు పదివేల దాకా వచ్చాయి. సర్కారు బడుల్లో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలు తమకు తోచింది విప్పి, బిగించి, పాడుచేసి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశం. అయితే త్రీడీ ప్రింటర్ స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాక, అది చెడితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో హెడ్మాస్టారుకు బాగా తెలుసు. చెడగొట్టి నేర్చుకోమనే పథకానికీ, చెడితే సంజాయిషీ అడిగే ఆడిట్‌కూ మధ్య నలిగే మాస్టారికి తాళం కంటే మంచి మిత్రుడు ఎవరుంటారు?

‘కనీసం ఏదో ఒకటి చేత్తో ముట్టుకుంటున్నారు కదా, దానికీ ఏడుపేనా?’ అనేవాళ్లుంటారు. న్యాయమైన మాటే. కిట్ చేతికి చిక్కినవాడు ఏం చెయ్యగలడో చరిత్రలోనే ఉంది. 1934లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ కలిసి మెకానో అనే పిల్లల బొమ్మల సెట్ ముక్కలతో అవకలన సమీకరణాలు సాధించే యంత్రం కట్టారు. అదే పనికి ఎంఐటీలో వానివర్ బుష్ భారీ యంత్రం నిర్మిస్తే, వీళ్ల నమూనాకు అయింది 20 పౌండ్లు. మెకానో వాళ్ల బొమ్మల పుస్తకంలో అలాంటి బొమ్మ లేదు.

అంతకంటే చవక కిట్ మన దేశంలోనే ఉంది. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి 2002 దాకా నడిచిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పాలుపంచుకున్న ఐఐటీ కాన్పూర్ ఇంజనీరు అరవింద్ గుప్తా, అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలనూ కలిపి పిల్లలచేత త్రిభుజాలు, చతురస్రాలు కట్టించాడు. చతురస్రం నొక్కితే ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు. వంతెనలకూ కరెంటు టవర్లకూ అన్ని త్రిభుజాలెందుకో పిల్లవాడి వేళ్లకు ముందు తెలుస్తుంది, నోటికి తర్వాత. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, అగ్గిపుల్లల ల్యాబ్ ఉన్న బడికి మాత్రం ఒక్క అడ్మిషన్ కూడా రాదు.

ఇక ముంజకాయల బండి. ముంజలు తినేశాక మిగిలిన రెండు కాయలు, ఇరుసుకు ఒక పుల్ల, తోయడానికి చివర చీలిన కర్ర. తొలి కాయకు బెజ్జం నడిమధ్య పడదు, బండి కుంటుతుంది. ఇంకో కాయ తెచ్చి ఇంకో బెజ్జం. ఇరుసు బిగుసుకుంటే గీకి సన్నం చెయ్యాలి, మరీ సన్నమైతే విరుగుతుంది. చక్రం కేంద్రం, రాపిడి, పదార్థ బలం, అన్నీ ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేకపోవడమే దానికున్న లోపం.

బడి రోబోలకూ ఇలా కుంటే భాగ్యం పట్టకపోదు. గీత వెంట నడిచే రోబోను ఏసీ గదిలోంచి ఎండలోకి తెస్తే చాలు, సూర్యకాంతిలోని పరారుణ కిరణాలు దాని సెన్సార్‌ను ముంచెత్తి దారి తప్పిస్తాయి. నాలుగు మోటార్లకు చిన్న 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే పది అడుగులు వేసి చతికిలపడుతుంది, వోల్టేజీ ఉన్నా కావాల్సినంత కరెంటు ఇవ్వలేక. దూరం కొలిచే సెన్సార్ ముందు గోడకు బదులు మెత్తటి దుప్పటి పెడితే శబ్దం అందులోకి ఇంకిపోయి లెక్కలు తారుమారవుతాయి. ఒక్కొక్కటి వారానికి సరిపడా పాఠం. కానీ ఈ మూడూ ట్రైనర్‌కు పీడకలలు, అందుకే కిటికీలకు పరదాలు, కొత్త బ్యాటరీలు, గోడ ముందే డెమో.

ఇప్పుడు కొత్త గాలి వీస్తోంది. 2026-27 నుంచి మూడో తరగతి మొదలుకుని కృత్రిమ మేధ పాఠాలు ప్రవేశపెడతామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఫీజు కాగితంలో ఇంకో వరస చేరుతుంది. పాత వరస పోతుందని ఆశపడేవాళ్లు విద్యావ్యాపారం తెలియనివాళ్లు.

అందుకే ఈసారి ఓపెన్ డేకి వెళ్లే తల్లిదండ్రులు పనిచేసే రోబోను చూసి చప్పట్లు కొట్టే ముందు ఇంకొకటి అడిగి చూడొచ్చు.

“మేడం, పిల్లలు చేసి పాడుచేసినవి ఏమైనా ఉంటే చూపిస్తారా?”

“అయ్యో, మా బడిలో అలాంటివి ఉండవండీ,” అంటారు మేడం గర్వంగా. “పిల్లల్ని ముట్టుకోనిస్తేనే కదా!”