లష్కరు బాకీ

దాళ్వాకి నీళ్ల వంతులు పెట్టారంటే మా కాలువ గట్టు మీద అర్ధరాత్రి భద్రతా మండలి కూర్చున్నట్టే. పైవాడికి చాలవు, శివారువాడికి చేరవు. తూముకి ఈ పక్క ఎగువ రైతులు పారలతో, ఆ పక్క శివారు రైతులు కర్రలతో, మధ్యలో లష్కరు టార్చిలైటుతో. ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుడికి నీలం టోపీ ఉంటుంది. మా లష్కరుకి మంకీ క్యాపు, అదీ సొంత ఖర్చు.

మా బాబాయిది ఎగువ పక్షం. సార్వాకి ఎకరాకి 200 రూపాయల నీటి తీరువా కట్టమంటే, "వాన దేవుడిది, ఏరు గోదారమ్మది, మధ్యలో వీళ్లకెందుకురా?" అంటాడు. అదే బాబాయి మొన్న పేపరు మడిచి, "శాంతి సేనకి అమెరికా చందా బాకీ పడిందంటరా! అంత ఆస్తున్నోళ్లకి ఇదేం బుద్ధి?" అని బుగ్గలు నొక్కుకున్నాడు.

ఆ బుద్ధి ఇవాళ్టిది కాదు, ఒక్క అమెరికాదీ కాదు. కాంగోకి, సూయెజ్ దగ్గరికి సేనను పంపిన ఖర్చు సమితి ఖర్చేనని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. సోవియట్ రష్యా, ఫ్రాన్సు చెవిన పెట్టలేదు. రెండేళ్ల చందా బాకీ పడితే సర్వప్రతినిధి సభలో ఓటు పోతుందని చార్టరు 19వ అధికరణంలో ఉంది. పోవాల్సిందేనని అమెరికా పట్టుబట్టింది. ఓటు తీసేస్తే రష్యా పెద్దాయన కండువా దులుపుకుని లేచిపోతాడేమోనని మిగతావాళ్లకి గుబులు. అందుకని 1964 చివర మొదలైన సమావేశాలని ఒక్కసారి తప్ప ఓటింగే పెట్టకుండా నెలల తరబడి నెట్టుకొచ్చారు. అసలు ఓటే లేకపోతే పోయేదెవరికి? మా పంచాయతీ వార్డు మెంబర్లకి కూడా ఇంత తెలివి తట్టలేదు.

చివరికి 1965 ఆగస్టులో అమెరికాయే మెత్తబడింది. ఊరికే కాదు. మీకున్న వెసులుబాటు రేపు మాకూ ఉంటుందని ఓ మాట అనేసి మరీ మెత్తబడింది. ఆ మాట ఎంత అక్కరకొచ్చిందో! శాంతి సేన ఖర్చులో 25 శాతానికి మించి ఇవ్వబోమని 1994లో ఏకంగా చట్టమే చేసుకున్నారు. సమితి వేసే వాటా అంతకంటే ఎక్కువ. ఆ తేడా పద్దులో కూర్చుని పిల్లలు పెడుతోంది. 2000లో మామూలు చందా వాటా కూడా తగ్గించుకుంటే, ఆ లోటు పూడ్చడానికి టెడ్ టర్నర్ అనే టీవీల ఆసామి సొంత జేబులోంచి 3.4 కోట్ల డాలర్లు తీశాడు. మోతుబరి గుడి చందా ఎగ్గొడితే పక్కింటి షావుకారు కట్టినట్టు.

బాకీలు పేరుకుని డబ్బు చాలక 2019లో సమితి న్యూయార్కు ఆఫీసులో ఎస్కలేటర్లు ఆపేశారు, ఫౌంటెన్ కట్టేశారు. 2025 అక్టోబరుకి వచ్చేసరికి, తొమ్మిది చోట్ల ఉన్న శాంతి సైనికుల్లో నాలుగో వంతు మందిని ఇళ్లకి పంపేస్తామన్నారు. అన్నట్టు, బాకీ పడితే పోయేది సర్వప్రతినిధి సభలో ఓటు. వీటోకి బాకీ అంటదు.

మన దేశం చందా వేళకి కడుతుంది. ఇప్పటిదాకా రెండున్నర లక్షలకు పైగా మనుషుల్నీ పంపింది. ఒక్కో జవానుకి నెలకి 1,400 డాలర్ల పైచిలుకు సమితి మనకి ఇవ్వాలి. చందాలు వస్తేగా ఇచ్చేది! 2019లో అలా మనకి రావాల్సింది 3.8 కోట్ల డాలర్లు. చందా ఇచ్చిందీ మనమే, కాపలా కాసిందీ మనమే, కూలి కోసం గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డదీ మనమే.

"మన గోదాట్లో ఇలాంటి కక్కుర్తి లేదురా," అన్నాడు బాబాయి.

లేకపోవడమేం! రెండు తెలుగు రాష్ట్రాల మధ్య తగువు రాకుండా చూడమని 2014లో విభజన చట్టం కింద గోదావరి నదీ యాజమాన్య బోర్డు పెట్టారు. ఆఫీసు హైదరాబాదులో. అక్కడ పారేది మూసీ, అది కలిసేది కృష్ణలో. తటస్థత అంటే అదీ! 2021 జులై 15న కేంద్రం గెజిట్ ఇచ్చింది. ప్రాజెక్టులు బోర్డుకి అప్పగించాలి, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సాయంగా నిలబడుతుంది, రెండు రాష్ట్రాలూ చెరో 200 కోట్లు 60 రోజుల్లో జమ చెయ్యాలి. బాబాయి ఎకరాకీ 200, బోర్డుకీ 200. వెనకాల సున్నాలే తేడా. గడువు దాటింది, డబ్బు రాలేదు. అన్ని కోట్లూ దేనికో ముందు చెప్పండన్నారు. ఏడేళ్లుగా చుక్క నీటి దగ్గర కూడా కలవని ఇద్దరూ కట్టకపోవడం దగ్గర మాత్రం అన్నదమ్ముల్లా ఒక్క మాట మీద నిలబడ్డారు. బోర్డు సాధించిన శాంతి అదే అనుకోవాలి.

బోర్డుకి అప్పగించడానికి ఇద్దరూ సరేనన్నది పెద్దవాగు ప్రాజెక్టు. గట్టు అశ్వారావుపేట దగ్గర తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం మన ఆంధ్రా వైపు. 2024 జులైలో దానికి గండి పడింది. వేలేరుపాడు, కుక్కునూరు మండలాల వాళ్లు సామాన్లు వదిలేసి పరుగెత్తారు. అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. వరద వాటాలు అడగలేదు. మరమ్మతు డబ్బు దగ్గరే ఎవరి వంతు ఎంతన్న లెక్క మొదలైంది.

బాబాయి పేపరు మడిచిన ఆ రాత్రి కాలువ నీళ్లకి మా వంతు. పన్నెండు దాటాక శివారువాళ్లు లష్కరుని ఎగువవాళ్లకి అమ్ముడుపోయావని తిట్టారు. ఎగువవాళ్లు శివారుకి అమ్ముడుపోయావని తిట్టారు. బాబాయి మెల్లిగా పక్కకి లాగాడు.

"మా బోదెకి ఇంకో గంట వదలరా. నూర్పిళ్లకి కుంచం గింజలు కొలుస్తాలే."

లష్కరు బ్యాటరీ దండగని టార్చి ఆర్పాడు.

"ఆయ్. ఈ దాళ్వావాండి, పోయిన దాళ్వావాండి?"