మంచం దిగకుండా ఉక్కు పోయడం ఎలా?

ఆట పేరు ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. కేంబ్రిడ్జిలోని జాగెక్స్ కంపెనీ 2013లో వదిలింది. దానికి అమ్మలాంటి ఆట 2001 నాటిది. 2018 నుంచి ఫోన్లోనూ ఆడొచ్చు. పైసా కట్టక్కర్లేదు. కత్తులు, మంత్రాలు, గోబ్లిన్లు, డ్రాగన్లు అన్నీ ఉన్నాయి గానీ వాటితో మనకు పనిలేదు. అందులో కొలిమి ఉంది. విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం కుర్రాళ్ళకు ఇంకేం కావాలి? నాన్న ఇన్నేళ్ళుగా ఉక్కు ప్లాంటులో చెమటోడ్చి చేస్తున్న పని మీరు పడుకునే చేసేయొచ్చు. కోచింగ్ ఫీజు ఎలాగూ కట్టేశారు, ఇక వెనకాడకండి.

1. ముందు నాన్న షిఫ్టు కంఠతా పట్టండి. ఏ షిఫ్టు పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10 దాకా, సి షిఫ్టు రాత్రి 10 నుంచి తెల్లారి 6 దాకా. పరీక్ష తేదీలు గుర్తులేకపోయినా ఫరవాలేదు, ఇవి మాత్రం తప్పకూడదు. సి షిఫ్టు వారం మీకు పండగ. రాత్రంతా ఆడండి. తెల్లారి గేటు దగ్గర స్కూటర్ ఆగిన చప్పుడు కాగానే పుస్తకం తెరిచి దాని మీద తల వాల్చేయండి. 'పాపం, చదువుతూ చదువుతూ నిద్రపోయాడు' అని దుప్పటి కూడా కప్పుతారు. పుస్తకం తలకిందులుగా లేకుండా చూసుకుంటే చాలు. మీ ముందు తరం అన్నయ్యలు నానా అగచాట్లు పడ్డారు. బీఎస్ఎన్ఎల్ 500 ప్లాన్‌లో రాత్రి 2 నుంచి పొద్దున్న 8 దాకానే డౌన్‌లోడ్లు ఉచితం కాబట్టి అలారం పెట్టుకుని లేచేవారు. ఆ దురలవాటు మీకొద్దు. అసలు పడుకోకండి.

2. పెద్దల మాట వినండి, ఆటలోని పెద్దలది. లంబ్రిడ్జ్ కోటలో వంటవాడొకడు లబోదిబోమంటుంటాడు. డ్యూకుగారి పుట్టినరోజు కేకుకి గుడ్డు, పాలు, పిండి కావాలట. అడిగిందే తడవుగా ఒప్పుకోండి. కోళ్ళ దొడ్డిలో గుడ్డు ఏరండి. బకెట్ పట్టుకెళ్ళి ఆవు పాలు పితకండి. చేలో గోధుమలు కోసి, గాలిమర పై అంతస్తు దాకా మోసి, తొట్టిలో పోసి, మీట లాగి, మళ్ళీ కిందికి దిగి పిండి ఎత్తుకోండి. ఇదే సమయానికి వంటింట్లోంచి అమ్మ, "ఏట్రా చేస్తన్నావు? వీధి చివరికెళ్ళి పాల పాకెట్టొకటి తేరా" అంటుంది. తల ఎత్తకండి. రెండోసారి పిలిస్తే "ఆన్‌లైన్ టెస్టు రాస్తన్నానమ్మా" అనండి. మూడోసారి పిలవదు, ఆవిడే వెళ్తుంది.

3. ఇక అసలు పని. మైనింగ్‌లో 15వ లెవెల్‌కి ఇనుప ఖనిజం తవ్వొచ్చు, 30కి బొగ్గు. కొలిమి పనిలోనూ 30కి చేరితే ఉక్కు మీ చేతికొచ్చినట్టే. ఒక ఖనిజం, రెండు బొగ్గులు కలిపితే ఒక కడ్డీ. నాన్న ప్లాంటుకి సొంత ఇనుప గని లేదు. ఖనిజం బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద రావాలి, కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో దిగాలి. మీకు ఆ బాధే లేదు, ఎక్కడ చూసినా గనులే. ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర ఎత్తండి. "మీకు లేవు గానీ నాన్నా, నాకు సొంత గనులున్నాయి" అనండి. ఆయన ముద్ద చేతిలోనే ఆపి మీ వంక కాసేపు చూస్తారు. మెచ్చుకుంటున్నారనే అనుకోండి.

లెక్క కూడా చెప్తాను, వినండి. సంచిలో 28 గళ్ళుంటాయి. 9 ఖనిజం, 18 బొగ్గు వేస్తే ట్రిప్పుకి 9 కడ్డీలు, ఒక గడి ఖాళీ. కడ్డీకి 17.5 పాయింట్లు. ఆఖరి లెవెల్ 99కి కావలసినవి 1,30,34,431. ఉక్కు కడ్డీలతోనే చేరతానని పట్టుబడితే 7 లక్షల 44 వేల పైచిలుకు కడ్డీలు, అంటే 82 వేలకు పైగా ట్రిప్పులు. మరీ ముచ్చటైన విషయం, 92వ లెవెల్‌కి వచ్చేసరికి దాదాపు సగం పాయింట్లే పూర్తవుతాయి. సగంలో వదిలేసి పుస్తకం పట్టడం పౌరుషమున్నవాడి లక్షణం కాదు. ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. మీ కుడిచేతి బొటనవేలికీ ఓ పేరు పెట్టుకోండి, అంత పనీ దానిదే.

4. సాకులు ఊరి సరుకుతోనే తయారు చేయండి, బయటివి నిలబడవు. ద్వారకానగర్ కోచింగ్‌కి ఎందుకు రాలేదంటే ఎన్ఏడీలో ట్రాఫిక్ అనకండి, ఫ్లైఓవర్ వచ్చాక అది చెల్లదు. అల్పపీడనం అనండి. బంగాళాఖాతంలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, ఎవరూ కాదనలేరు. ఇంకా సందేహిస్తే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడూ ఇలాగే చిన్న గాలిలా మొదలైందని గంభీరంగా గుర్తుచేయండి. కళ్ళు ఎర్రబడ్డాయంటారా, వన్‌టౌన్‌లో అత్తయ్యగారింటికెళ్ళానని చెప్పండి. అక్కడ కిటికీ చువ్వ మీద వేలితో రాస్తే నల్లగా అంటుకునే పోర్టు బొగ్గు పొడి అందరికీ తెలిసిందే. సాక్ష్యం కావాలంటే కాస్త బొగ్గు ముక్క అరగదీసి చొక్కా కాలర్‌కి రాసుకోండి. పరువైన సాకు కావాలా? కూర్మన్నపాలెంలో ప్లాంటు ప్రైవేటీకరణ వద్దంటూ ఉక్కు పరిరక్షణ దీక్షలో కూర్చున్నానని చెప్పండి. 2021లో అక్కడ నిజంగానే జనం కూర్చున్నారు కనుక మీ అబద్ధానికి వాళ్ళ నిజం కాపు కాస్తుంది. ఫొటో చూపించమంటే మాత్రం దగ్గండి.

5. వారక్ నగరపు సంతలో ఒకడు మీ కవచానికి ఉచితంగా బంగారు అంచు వేసిస్తానంటాడు. ఇచ్చేయండి. ఇంకొకడు నాణేలు రెట్టింపు చేస్తానంటాడు. మొదటిసారి కొంచెం ఇస్తే నిజంగానే రెట్టింపు చేసి ఇస్తాడు. ఇలాంటి నిజాయితీపరుడు మళ్ళీ దొరకడు, రెండోసారి మొత్తం ఇచ్చేయండి. స్కీముల్లో మామయ్య పోగొట్టుకున్నది మీరు చూడలేదా, ఆయన అప్పుడు కూడా ధైర్యంగానే ఉన్నాడు.

6. పాస్‌వర్డ్ స్నేహితుడికి చెప్పండి. మీరు స్నానం చేసేటప్పుడు వాడు తవ్వుతాడు.

7. ఉచితం విసుగొచ్చాక సభ్యత్వం కట్టండి. నాన్న ఫోన్‌లో యూపీఐ పిన్ మీ పుట్టిన సంవత్సరమే అయి ఉంటుంది, ఆయన ప్రేమ అలాంటిది. ఖర్చు తగ్గించాలంటే ముక్కూమొహం తెలియనివాడి దగ్గర చౌకగా ఆట నాణేలు కొనండి, తవ్వడానికి దానంతటదే క్లిక్ చేసే సాఫ్ట్‌వేర్ పెట్టండి. రెండూ రూల్సుకి విరుద్ధమే. ఖాతా నిషేధిస్తారు. అంత పెద్ద కంపెనీ మిమ్మల్ని ప్రత్యేకంగా గుర్తించిందని సంతోషించి కొత్త ఖాతా తెరవండి. ఇది జూదం కదా అని ఎవరైనా అంటే గట్టిగా ఖండించండి. రాష్ట్రం 2020లో నిషేధించింది పందెం డబ్బులు తిరిగొచ్చే ఆశ ఉన్న ఆటల్ని. ఇందులో ఆ ఆశే లేదు, డబ్బు పోవడం మాత్రమే ఉంది.

8. ఎప్పుడో ఒకప్పుడు అప్రెంటిస్ ఇంటర్వ్యూకి పిలుపొస్తుంది. కంగారు పడకండి, మీకున్న అనుభవం ఆ గదిలో ఎవరికీ లేదు. ఉక్కు ఎలా తయారవుతుందని అడిగితే, ఒక ఖనిజం రెండు బొగ్గులని తడుముకోకుండా చెప్పండి. మరి సున్నపురాయి అక్కర్లేదా అంటారు. అది సభ్యత్వం కట్టినవాళ్ళకేనని చెప్పండి.