‘ఆంద్రేయ్ రుబ్ల్యోవ్’ చిత్రం ఆత్మకథ

మాస్కోలోని మాస్‌ఫిల్మ్ స్టూడియోలో 1966లో తయారై, అయిదేళ్లు డబ్బాల్లో మగ్గిన చిత్రం ‘ఆంద్రేయ్ రుబ్ల్యోవ్’. దర్శకుడు ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ, ఛాయాగ్రాహకుడు వదీమ్ యూసొవ్. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది ఆ చిత్రమే. చరిత్రకు ‘నేను’ అడ్డు రాకూడదని తనను ‘ఈ చిత్రం’ అనే పిలుచుకుంటుంది.

రుబ్ల్యోవ్ 15వ శతాబ్దం తొలినాళ్ల రష్యా సన్యాసి. చర్చిల గోడల మీద, పలకల మీద పూజలందుకునే బొమ్మలు గీసినవాడు. 1405లో మాస్కో క్రెమ్లిన్‌లోనూ 1408లో వ్లదీమిర్ నగరంలోని కెథెడ్రల్‌లోనూ పనిచేశాడన్నది చరిత్ర. ఆయన జీవితం గురించి దొరికే సమాచారం చాలా తక్కువ. ఆ ఖాళీని ఈ చిత్రం ఆనాటి జనం కష్టాలతో నింపింది. ఆయన పాత్ర వేసినవాడు అనతోలీ సొలొనీత్సిన్.

ఆ కష్టాలు పిల్లలు చూడదగ్గవి కావు. ఒక రాత్రి అన్యమతస్థుల ఉత్సవంలో స్త్రీపురుషులు నగ్నంగా నది వైపు పరుగులు తీస్తారు. రాజుకు భవనం కట్టిన శిల్పుల కళ్లు పీకేస్తారు. రాజు తమ్ముడు తాతారులను వెంటబెట్టుకొచ్చి వ్లదీమిర్‌ను దోచుకునేటప్పుడు, నిధి ఎక్కడుందో చెప్పని చర్చి సేవకుడి నోట్లో కరిగిన లోహం పోస్తారు. మతి స్థిమితంలేని పిల్లను కాపాడబోయి రుబ్ల్యోవ్ ఒక సైనికుణ్ని గొడ్డలితో చంపుతాడు. ఆ పాపభారంతో కుంచె వదిలేసి మౌనవ్రతం పడతాడు. ఈ క్రూరత్వం కంటపడకపోతే ఆ మౌనానికి అర్థమే లేదు. అందుకే అది సరదా కోసం పెట్టింది కాదని ఈ చిత్రం గట్టిగా చెప్పుకోగలదు.

గుర్రం విషయంలో మాత్రం అలా చెప్పుకోలేదు. కబేళా నుంచి తెచ్చిన గుర్రాన్ని మెడలో కాల్చి మెట్ల మీది నుంచి పడేశారు. ఎలాగూ చావవలసినదేనన్నది దర్శకుడి సమాధానం. అయినా అది నటన కాదు, నిజమైన చావు. ఆ దృశ్యం తెరపైకి వచ్చిన ప్రతిసారీ ఆ గుర్రానికి పడ్డ అప్పు తీరకుండానే ఉంటుంది.

మొదటి కూర్పు 205 నిమిషాలు. హింస ఎక్కువైందని, నగ్నత్వం ఉందని, రష్యా గతాన్ని చీకటిగా చూపిందని అధికారులు అడ్డుపడ్డారు. తార్కోవ్‌స్కీ తన చేత్తోనే కొంత తగ్గించాడు. తగ్గించినదే తన అసలు చిత్రమని తరువాత చెప్పాడు. కాబట్టి ఆ కత్తెర మీద ఈ చిత్రానికి కోపం లేదు. బాధంతా ఆ తర్వాతి నిరీక్షణదే. కత్తిరించినా విడుదల చెయ్యలేదు. తీసినవాళ్ల వయసు పెరుగుతుంటే చూడవలసిన జనం బయటే నిలబడ్డారు. 1969లో కాన్ చలనచిత్రోత్సవానికి వెళ్లనిచ్చినా పోటీలో చేర్చలేదు. ఆఖరి రోజు తెల్లవారుజామున 4 గంటలకు ప్రదర్శన. ఆ వేళకీ మేల్కొని చూసినవాళ్లున్నారు. అంతర్జాతీయ విమర్శకుల బహుమతి దక్కింది. సొంత దేశంలో విడుదలైంది 1971 డిసెంబరులో. అమెరికాలో 1973లో ఇంకా కుదించి చూపారు. ఆ కోత దర్శకుడిది కాదు.

చివరి ఘట్టంలో బొరీస్కా అనే కుర్రవాడు, తండ్రి చెప్పని రహస్యం తెలుసునని బొంకి, పెద్ద గంట పోత పోయిస్తాడు. గంట మోగుతుంది, కుర్రవాడు కుప్పకూలి ఏడుస్తాడు. రుబ్ల్యోవ్ మౌనం వీడి అతణ్ని ఓదారుస్తాడు. అప్పుడు గాని తెర మీదికి రంగులు రావు: ‘త్రిత్వం’తో సహా ఆయన గీసిన అసలు బొమ్మలు కనబడతాయి. పెద్దలు మాత్రమే చూడండి. చూస్తే, ఆ రంగులు వచ్చేదాకా కూర్చోండి.